గసగసంత దేశం

2024 ఆగస్టు 20, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. బందరు ఇనుగుదురుపేటలో, పరుపుల మహబూబ్ గారింట్లో, నడిమి గది గోడ మీద బహ్రెయిన్ దేశం మొట్టమొదటిసారి కనపడింది ఆ సమయానికే. అంతవరకూ ఆ రోజు కూడా అన్ని రోజుల్లాంటిదే.

తెల్లవారుజామున తండ్రీ కూతుళ్ళు ఎవరి గదిలో వాళ్ళు నమాజు చేసుకున్నారు. మహబూబ్ వరండా ఊడ్చుకుని, దూది బస్తా విప్పుకుని, దాన్ని ఏకే విల్లు ముందు పెట్టుకుని కూచున్నాడు. బందరులో ఇప్పుడు చేత్తో దూది ఏకేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఫోము పరుపులు కొనుక్కుంటున్నారు. మోపిదేవి సత్రం వాళ్ళూ, గూడూరు వైపు ఇద్దరు ముగ్గురు పాత రైతులూ మాత్రం ఇంకా కబురు పెడతారు. కబురు లేని రోజున కూడా ఆయన ఏకుతూనే ఉంటాడు. అర్షియా అన్నం వండి, పప్పు తాలింపు పెట్టి, తొమ్మిదింటికి నడిమి గదిలో కంప్యూటరు ముందు కూచుంది. ఇద్దరి మధ్యా పొద్దుట్నుంచీ నడిచిన మాటలు రెండే. “టీ పెట్టావా?” అనీ, “బల్ల మీద ఉంది నాన్నా” అనీ.

అర్షియాకి ముప్పై ఏడేళ్ళు. గుడివాడలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదివింది. ఆమె పని దేశాలకి రంగులు వేయడం. హైదరాబాదు ఆఫీసు వాళ్ళు పెద్ద పట్టిక పంపిస్తారు. వరసకొక దేశం, దేశం పక్కన ఒక అంకె. ఒక్కోసారి అది చదువుకున్న ఆడపిల్లల లెక్క, ఒక్కోసారి వరి దిగుబడి, ఒక్కోసారి మనిషి రోజుకి వాడే మంచినీళ్ళు. ‘ఆర్’ అనే ప్రోగ్రాంలో ఆమె పది పదిహేను వరసల కోడ్ రాస్తే, ఆ అంకెలన్నీ వెళ్ళి ప్రపంచపటంలో వాటి వాటి దేశాల మీద కూచుంటాయి. చిన్న అంకెకి లేతరంగు, పెద్ద అంకెకి ముదురురంగు. అంకె పంపని దేశానికి బూడిదరంగు. తెర మీద రంగుల్ని నమ్మకూడదని కాలేజీలో నేర్పారు గనక, ప్రతి పటాన్నీ నాలుగు కాగితాల మీద ప్రింటు తీసి, అతికించి, గోడకి తగిలించి చూసుకున్నాకే ఆఫీసుకి పంపేది.

గోడకి తగిలించగానే రంగు పడ్డ దేశాల గాలి గదిలోకి వచ్చేది. ఎంత ముదురు రంగైతే అంత గట్టిగా వీచేది. బూడిదరంగు దేశాల నుంచి ఏమీ వచ్చేది కాదు. లెక్కే చెప్పనివాళ్ళు గాలేం పంపుతారు అనేవాడు మహబూబ్. ఎండాకాలం మంచినీళ్ళ కుండ కెనడా కింద ఉండేది. ఒకసారి బ్రెజిల్ కింద ఆరబోసిన దూది జల్లుకి తడిసి ముద్దయిపోతే, ఆ మర్నాటి నుంచి ఆ మూల బకెట్టు పెట్టుకున్నారు. అర్షియా తల్లి నాగూర్ బీ బతికున్నప్పుడు, దగ్గు ఎక్కువైన రోజుల్లో మంచం స్విట్జర్లాండ్ కిందకి జరిపించుకునేది. పేటలో ఎవరి మనిషి ఏ దేశంలో ఉంటే వాళ్ళు వచ్చి ఆ దేశం కింద కాసేపు నిలబడి వెళ్ళేవారు. గాలికి రావడమే కాదు, పోవడం కూడా తెలుసు. అందుకని వచ్చేవాళ్ళు ఇంట్లో పొయ్యి మీద ఏముందో దాని వాసన కొంగుకి పట్టించుకుని మరీ వచ్చేవారు.

ఆ రోజు కూడా పక్కింటి సువార్తమ్మ తొమ్మిదిన్నరకే వచ్చింది. ఆమె భర్త సీమోను కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు.

“అర్షియమ్మా, ఈ వారం మా కువైట్‌కి లెక్కుందా?”

“ఉంది పిన్నీ. లేతరంగే గానీ ఉంది.”

“లేతదైనా పర్లేదులే. పోయినసారి బూడిద పూసేశావు, నాలుగు రోజులు నాకు నిద్ర లేదు.”

“నేనెక్కడ పూశాను? వాళ్ళు అంకె పంపలేదు.”

“మీ ఆఫీసోళ్ళకి చెప్పమ్మా, దేశం మొత్తం కుదరకపోతే మా సీమోను ఒక్కడి లెక్కైనా రాసుకోమని.” ఆమె గోడ దగ్గరకెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చింది. “ఊఁ. బీడీ మానలేదు సచ్చినోడు.” కువైట్ నుంచి రాలిన ఇసకని చీపురుతో చేటలోకి ఎత్తుకుని, తృప్తిగా వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక అర్షియా పటంలో కువైట్ కిందికి చూసింది. సౌదీకీ ఖతార్‌కీ మధ్య సముద్రం ఉంది, తెల్లగా. అక్కడే ఎక్కడో బహ్రెయిన్ ఉండాలి. ఆమె చెల్లెలు షాహీన్ అక్కడ ఒక టైలరింగ్ షాపులో జాకెట్లు కుడుతుంది. వెళ్ళి ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఆ చోటు నుంచి ఒక్క పిల్లగాలి కూడా రాలేదు. పట్టికలో బహ్రెయిన్ వరస ఉంటుంది, పక్కన అంకె కూడా ఉంటుంది. చిన్న దేశం కదా, రంగు పడే ఉంటుంది, నా కంటికి ఆనదు అనుకునేది అర్షియా. రంగు పడీ గాలి రాలేదంటే, పంపడం షాహీన్‌కి ఇష్టం లేదన్నమాట.

“దానికింకా కోపం తగ్గలేదు” అనేవాడు మహబూబ్, ఏడాదికి ఒకసారో రెండుసార్లో, ఎవరూ అడగకుండానే.

కోపానికి కారణం ఉంది. నాగూర్ బీ రెండేళ్ళు దగ్గి దగ్గి పోయింది. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యి, వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళాక, షాహీన్ గిన్నెలు తోముతూ తోముతూ లేచి వరండాలోకి వెళ్ళింది. “అమ్మని నీ దూది దుమ్మే తినేసింది నాన్నా. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే నువ్వూ కట్టుకోవు, ఆవిడా కట్టుకోలేదు. ఇప్పటికైనా ఆ విల్లు అవతల పారేసి ఫోము పరుపులు పెట్టు” అంది. మహబూబ్ విల్లు మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత, “నచ్చనివాళ్ళు ఈ ఇంట్లో ఉండక్కర్లేదు” అన్నాడు. షాహీన్ గుమ్మంలోంచి అక్క వైపు చూసింది. అక్క ఒక్క మాట అంటుందేమోనని చూసింది. అర్షియా తల దించుకుని కంప్యూటరు తెర వైపు చూసింది. అప్పుడు తెర మీద ఏ దేశాలున్నాయో ఇవాళ్టికీ ఆమెకి గుర్తులేదు.

నెలకల్లా షాహీన్ వెళ్ళిపోయింది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఐదు నిమిషాలు ఫోను. బాగున్నావా, బాగున్నాను. నాన్న బాగున్నాడా, బాగున్నాడు. ఈ ఆగస్టు ఒకటిన మాత్రం ఒక మాట ఎక్కువ నడిచింది.

“షాపుని ఇంకో చోటికి మారుస్తున్నారక్కా. మూడేళ్ళకి సంతకం పెట్టమంటున్నారు. ఇరవయ్యో తారీఖున, మధ్యాహ్నం ఒంటిగంటకి, షాపు మూసేముందు.”

“అలాగా.”

“పెట్టమంటావా?”

“నీకెలా బాగుంటే అలా చెయ్యవే.”

“నాన్నేమంటాడు?”

“నాన్న వరండాలో ఉన్నాడు.”

“సరే” అని షాహీన్ పెట్టేసింది.

ఆ ఇరవయ్యో తారీఖు ఇదే. బహ్రెయిన్‌లో ఒంటిగంట అంటే మనకి మూడున్నర. పొద్దుట్నుంచీ అర్షియా ఫోనులో ‘పెట్టకు’ అని రాయడం, తుడిచేయడం. మూడుసార్లు రాసి మూడుసార్లు తుడిచింది. ఆరేళ్ళు గాలి కూడా పంపని మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

పది దాటాక హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. పట్టికలు పంపే అమ్మాయి, అక్షిత.

“అర్షియా గారూ, చిన్న గొడవొచ్చిందండీ. మాల్దీవుల నుంచి ఎవరో మెయిల్ పెట్టారు. మంచినీళ్ళ మ్యాప్‌లో మా దేశం లేదేం, మేం నీళ్ళు తాగమా అని.”

“లేకపోవడమేంటండీ? పట్టికలో వాళ్ళ వరస ఉందే.”

“పట్టికలో ఉందండీ, మ్యాప్‌లోనే లేదు. మీరు మొదట్నుంచీ వాడేది తేలిక మ్యాప్ ఫైలు కదా. తొందరగా తెరుచుకోవాలని అందులో చిన్న దేశాల్ని అసలు గీయరు. మాల్దీవులు, సింగపూరు, మాల్టా, బహ్రెయిన్...”

“గీయరా?”

“గీయరండీ. మీరు ఎంత రంగేసినా పడ్డానికి చోటుండాలి కదా. వివరంగా గీసిన ఫైలు ఇంకోటుంది, లింకు పంపుతాను. బరువెక్కువ, మీ సిస్టమ్ మీద కాస్త టైం పడుతుంది. సాయంత్రంలోగా ఇవ్వగలరా?... హలో, ఉన్నారా అండీ?”

“ఉన్నానండీ” అంది అర్షియా.

ఫోను పెట్టేసి, రాత్రి నడిపిన కోడ్ కిందికి జరిపింది. అన్నిటికన్నా కింద ఎర్ర అక్షరాల్లో ఒక వరస. ‘ఇరవై రెండు వరసలకి పటంలో చోటు దొరకలేదు.’ అది కొత్తది కాదు. పన్నెండేళ్ళుగా ప్రతి పటం కిందా వస్తున్నదే. మొట్టమొదట గుడివాడ కాలేజీ ల్యాబులో వచ్చినప్పుడు, ఇదేంటి సార్ అని ఆమె లెక్చరరు వెంకట్రామయ్య గారిని అడిగింది. “అదంతేనమ్మా, పట్టించుకోకు. బందరు బస్సు వెళ్ళిపోతుంది నీకు” అన్నారాయన, మంచితనంతోనే. బస్సు అందుకుంది. ఆనాటి కోడ్‌నే ఇన్నేళ్ళూ నకలు చేసుకుంటూ వచ్చింది. ఆ ఇరవై రెండూ ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇవాళ అడిగింది. పేర్లు ఒక్కొక్కటీ దిగాయి. నాలుగో పేరు బహ్రెయిన్.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూచుంది. వరండాలో విల్లు నారి టంగు టంగుమంటోంది. లెక్క ఎప్పుడూ ఉంది. చోటే లేదు. చోటు లేకుండా చేసింది తను. ఆ మాట తండ్రికి చెప్పాలని లేచి గుమ్మం దాకా వెళ్ళింది గానీ, చెప్పడం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియక వెనక్కి వచ్చేసింది.

కొత్త ఫైలు దిగడానికి గంట పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. కరెంటు వచ్చాక కంప్యూటరు పొయ్యిలా కాలుతూ, ప్రపంచంలో ఉన్న ప్రతి దీవినీ, ప్రతి ఉప్పుటేరునీ ఒక్కొక్క గీతా గీసుకుంటూ పోయింది. అది గీస్తుండగా అర్షియా తండ్రికి అన్నం పెట్టింది. ఆయన తిని, మసీదుకెళ్ళి జొహర్ నమాజు చేసుకుని వచ్చి, మళ్ళీ దూది ముందు కూచున్నాడు. ఆమె తన నమాజు చేసుకుని, దువాలో మాటలు రాక, చేతులు మాత్రం చాలాసేపు చాపి ఉంచింది. తర్వాత నాలుగు కాగితాలూ ప్రింటు తీసి, జిగురు పెట్టి అతికించి, గోడకి తగిలించింది. గడియారం రెండూ పది చూపిస్తోంది.

ముందు దీవులన్నీ ఒక్కసారే ఊపిరి వదిలాయి. ఇన్నాళ్ళూ చోటు లేక ఆగినవి మాల్దీవులూ మారిషస్సూ మాల్టా, ఇంకా పేరు నోరు తిరగని చిన్నా చితకా దేశాలన్నీ. ఉప్పుగాలి ఇల్లంతా తిరిగి వీధిలోకి వెళ్ళింది. సువార్తమ్మ తన గుమ్మంలోంచి కేకేసింది.

“ఏంటమ్మాయ్, మీ ఇల్లు పాలకాయతిప్ప బీచి అయిపోయింది ఇవాళ!”

అర్షియా ఖతార్ ఎడమ భుజం పక్కన వేలు పెట్టి వెతుకుతోంది. గసగసాల గింజంత ఉంది. ముదురు నీలం. వేలు ఆనిస్తే, సైకిలు ట్యూబుకి ముల్లు గుచ్చుకుంటే వచ్చేంత సన్నటి గాలి తగిలింది. వేడిగా, చెమ్మగా. ఆమె చెంప గోడకి ఆనించి నిలబడింది.

గాలి వరసలో వచ్చింది. ముందు ఆగినది ముందు, తర్వాత ఆగినది తర్వాత. మొదట 2018 వచ్చింది. కొత్త రంగు వేసిన గది, ఇనప మంచాలు, ఎనిమిది మంది ఆడవాళ్ళ ఎనిమిది రకాల తలనూనెలు. అందులో తను మందారాకు వేసి కాచి, సీసాకి బిరడా బిగించి ఇచ్చిన నూనె. రెండు నెలలకి ఆ నూనె అయిపోయింది. తర్వాత కుట్టుమిషను నూనె, ఆవిరి ఇస్త్రీ, కొత్త గుడ్డ గంజి. అవి రోజూ. తర్వాత ఒక్కసారిగా అన్నీ ఆగిపోయి, మూసిన గది వాసన, మందునీళ్ళతో తుడిచిన నేల, మిరియాల కషాయం, జ్వరం పట్టిన ఒళ్ళు. పదిహేను రోజులు. అది కరోనా ఏడు. ఆ నెల ఒకటో తారీఖున షాహీన్ ఫోనులో, “షాపు మూసేశారక్కా, హాయిగా పడుకుంటున్నా” అని నవ్వింది. అర్షియాకి ఆ నవ్వు గుర్తుంది. అదృష్టవంతురాలివే అని తను అన్న మాటా గుర్తుంది.

ఏ ఏడైనా ఒకటో తారీఖున మాత్రం వేయించిన మెత్తళ్ళు, పచ్చిపులుసు. బందరు వంట. ఫోను చేసే ముందు అది వండుకుని తినేదన్నమాట, గొంతు బాగుండాలని.

వీటన్నిటి అడుగునా, ప్రతి రోజూ రాత్రి వేళది, ఇంకో వాసన ఉంది. పొడిగా, వెచ్చగా, కొంచెం చేదుగా. ఆరేళ్ళలో ఒక్క రాత్రి కూడా తప్పలేదది. అర్షియాకి తెలిసిన వాసనే, పేరు మాత్రం తట్టలేదు.

“నాన్నా, ఒకసారి ఇటు రా.”

“ఏం, మళ్ళీ కరెంటు పోయిందా?”

“రా నాన్నా.”

మహబూబ్ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చాడు. ఆమె వేలు పెట్టిన చోటు చూశాడు.

“బహ్రెయిన్” అంది.

“ఓహో. ఇవాళ పంపబుద్ధయిందా దానికి?”

“ఆరేళ్ళుగా పంపుతూనే ఉంది నాన్నా. నా పటంలోనే దానికి చోటు లేదు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.”

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ముక్కు గోడకి ఆనించాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు.

“బూరుగు దూది” అన్నాడు. “మధ్యలో ఎండు వేపాకు. ఇది నేను ఏకిందే. మీ అమ్మకి తల ఎత్తుగా పెడితే దగ్గు తగ్గుతుందని కుట్టిన దిండు.”

అప్పట్లో ఇంట్లో దిండు ఒకటి తగ్గిందని ఎవరూ చూసుకోలేదు.

“టైమెంతైంది?” అన్నాడు మహబూబ్.

“మూడు కావస్తోంది. దానికి ఫోను చేశాను నాన్నా, ఎత్తలేదు. షాపులో ఫోన్లు సొరుగులో పెట్టి తాళం వేస్తారట, ఒంటిగంట దాకా ఇవ్వరట.”

ఆయన వరండాలోకి వెళ్ళాడు. విల్లూ, కొట్టే చెక్కా, ఒడి నిండా దూదీ పట్టుకుని వచ్చి, సరిగ్గా పటం కింద నేల మీద కూచున్నాడు.

“దానికి దూదంటే గిట్టదు నాన్నా. అంత మాటన్నది కదా.”

“గిట్టకపోతే ఆరేళ్ళు దాని మీద తల పెట్టుకుంటుందా?” అని, మెడ మీద తువ్వాలు తీసి ముక్కుకీ మూతికీ అడ్డంగా కట్టుకున్నాడు. యాభై ఏళ్ళ పనిలో ఆయన ముక్కుకి గుడ్డ కట్టడం అదే మొదలు. బిస్మిల్లా అని నారి మీద చెక్కతో కొట్టాడు.

దూది విచ్చుకుని గాల్లోకి లేచింది. అర్షియా ఫ్యాను ఆపేసింది. పింజలు మెల్లగా పైకి పోయి, పటం ముందు కాసేపు తచ్చాడి, ఎటుపడితే అటు పోసాగాయి.

“ఎటు పోతున్నాయి చూడు” అన్నాడు మహబూబ్ తువ్వాల్లోంచి.

“సౌదీ లాగేసుకుంటోంది నాన్నా. పెద్దది కదా.”

“చెయ్యి అడ్డం పెట్టు.”

ఆమె ఎడం అరచెయ్యి సౌదీ మీద పెట్టింది. చుర్రుమని కాలింది. అయినా తియ్యలేదు.

“ఇప్పుడు ఖతార్‌కి పోతోంది.”

“దానికీ పెట్టు. రెండు చేతులున్నాయిగా నీకు, రెండూ వాడు.”

కుడి చేతి బొటనవేలు ఖతార్ మీద నొక్కిపెట్టింది. పింజలు అప్పుడు దారి తెలుసుకున్నాయి. ఒక్కొక్కటీ గసగసంత నీలం ముందు ఆగి, సాగి, దారంలా సన్నబడి లోపలికి పోయింది. ఒకటి పోయాక ఒకటి, నెమ్మదిగా. మహబూబ్ ఆపకుండా కొడుతున్నాడు. ఆయన చెమట చుక్కలు దూది మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటున్నాడు. అర్షియా గోడకి ఆనుకుని, రెండు దేశాలు రెండు చేతుల్తో మూసి నిలబడింది. గడియారం ఆమె వీపు వైపుంది. తిరిగి చూడాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యలేదు.

“మూడున్నరయింది” అన్నాడు మహబూబ్ కాసేపటికి, గడియారం చూసి. అని ఆపలేదు. మూడూ ముప్పై ఐదుకి చేతులు ఆడక ఆపాడు. ఇల్లు ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, వీధి చివర సోడా బండివాడు సీసాలు సర్దుకోవడం వినపడింది.

మూడూ నలభైకి ఫోను మోగింది. ఒకటో తారీఖు కాదు, అయినా మోగింది.

“అక్కా.”

“చెప్పవే.”

“నాన్న ఏకుతున్నాడా?”

“ఊఁ.”

“ఇక్కడ షాపు నిండా దూదే. మిషన్ల మీద, జాకెట్ల మీద, ఓనరు గెడ్డంలో. ఏసీ లోంచి వస్తోందని మెకానిక్కుని పిలిపించాడు.” షాహీన్ నవ్వబోయి ఆగింది. “కాయితం ముందు పెట్టాడక్కా. కింద సంతకానికి గీత ఉంటుంది చూడు, సరిగ్గా దాని మీద పడింది ఒక పింజ. తుడిచాను. ఇంకోటి పడింది. మూడుసార్లు తుడిచాను. నాలుగోసారి చెయ్యి రాలేదు నాకు.”

అర్షియా ఎదురుగా తండ్రి ఉన్నాడు, విల్లు ఒళ్ళో పెట్టుకుని, ముక్కుకి తువ్వాలుతో. ఆయన ఆమె వైపు చూశాడు. ఈసారి ఆమె తల దించుకోలేదు.

“పెట్టకు షాహీన్” అంది. “సంతకం పెట్టకు. వచ్చెయ్. ఆ రోజే నీ వైపు నిలబడాల్సింది. నిలబడలేదు. ఆరేళ్ళు నీకు కోపమనుకున్నాం ఇక్కడ. నీ తప్పేం లేదు, నేనే సరిగ్గా చూసుకోలేదు. ఇంటికొచ్చెయ్ అమ్మా.”

అటువైపు కుట్టుమిషను ఒకటి ఎక్కడో నడుస్తోంది.

“ఆ దూది ఎవరి పరుపుకక్కా?” అంది షాహీన్ చివరికి.

అర్షియా తండ్రిని చూసింది. సత్రం వాళ్ళ పని కాదది. ఎవరి పనీ కాదు. మహబూబ్ నేల మీది దూదిని చేత్తో దగ్గరికి పోగేస్తూ, తల ఎత్తకుండానే, ఫోనుకి వినపడేలా అన్నాడు.

“దాని మంచానికని చెప్పు.”

“విన్నాను” అంది షాహీన్. “ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడా?” అంది.

“కట్టుకున్నాడు.”

“అబద్ధం.”

“అల్లా మీద ఒట్టే.”

“అయితే ఫోటో తీసి పంపు, నమ్ముతాను.” ముక్కు చీదుకున్న చప్పుడు. “నెలాఖరుకి వీసా అయిపోతుంది. ఈ లోపల కుట్టి ఇవ్వాల్సిన జాకెట్లు పదకొండున్నాయి. అవి కుట్టేసి వస్తాను.”

అసర్ అజాన్ అయ్యేదాకా తండ్రీ కూతుళ్ళు గది ఊడుస్తూనే ఉన్నారు. ఐదింటికి అర్షియా కొత్త మ్యాప్ ఆఫీసుకి పంపింది. చాలా థాంక్సండీ, మాల్దీవుల వాళ్ళు శాంతిస్తారు అని అక్షిత జవాబిచ్చింది.

మర్నాడు ఫజర్ నమాజు కాగానే మహబూబ్ నిచ్చెన వేసుకుని అటక మీంచి షాహీన్ పాత నవారు మంచం దించాడు. నవారంతా చీకిపోయి ఉంది. పట్టెలు పెరట్లోకి తీసుకెళ్ళి, నల్లులు చావడానికి అర్షియా మంచం నాలుగు కోళ్ళ మీదా మరుగుతున్న నీళ్ళు పోసింది. కొట్లు తెరిచే వేళకి ఆయన సైకిలు మీద కోనేరు సెంటరుకెళ్ళి కొత్త నవారు చుట్టలు తెచ్చాడు. నవారు అల్లడానికి లాగేవాళ్ళు ఒకళ్ళు, పట్టుకునేవాళ్ళు ఒకళ్ళు కావాలి. ఆయన లాగాడు, ఆమె పట్టుకుంది. వదులుగా పట్టుకుంటున్నావని ఆయనా, ఎడ్లబండి తాడులా లాగుతున్నావని ఆమే, ఇద్దరూ చాలాసేపు కీచులాడుకున్నారు. గోడ అవతలి నుంచి చూసి సువార్తమ్మ కూడా వచ్చి, మంచం కదలకుండా ఒక పట్టె మీద కూచుంది.

పన్నెండు కావస్తుండగా అల్లిక పూర్తయింది. మంచాన్ని నడిమి గదిలోకి తెచ్చి వేశాక, మహబూబ్ దాని మీద కూచుని అటూ ఇటూ ఊగి చూశాడు. ఒక కోడు కొంచెం పొట్టిగా ఉందన్నాడు. అర్షియా అట్టముక్క నాలుగు మడతలు పెట్టి దాని కింద తోసింది. ఆయన మళ్ళీ ఊగి చూసి, చాల్లే అన్నాడు.